నాగరీకం ముదిరిన మనిషి

పట్నంలో నాలుగేళ్లు ఉండి ఊరికొచ్చిన కుర్రాడు నున్నగా దువ్విన తలతో, మడత నలగని చొక్కాతో వీధిలో నడిచిపోతుంటే అరుగు మీది పెద్దాయన అనే మాట మీరు వినే ఉంటారు. "వీడికి నాగరీకం ముదిరిందిరా!" అదే ఇంట్లో మనవరాలి చరిత్ర పుస్తకం తెరిస్తే సింధు నాగరికత, ఈజిప్టు నాగరికత అని పెద్దక్షరాల్లో పాఠాల పేర్లు కనిపిస్తాయి. పెద్దాయన మాటా పుస్తకం మాటా ఒక్కటే. ఆయన మంచి మాటను పల్లెటూరి వాడుకలో పాడుచేశాడని చదువుకున్నవాళ్లు అనుకోవడం కద్దు. నాకలా అనిపించదు. ఆయన అర్థమే పాతది. ఈ మాట మొదట సోకైన మనిషికి పేరు: నాగరకుడు. జాతులకూ కోటలకూ చరిత్ర పాఠాలకూ అది చాలా ఆలస్యంగా పాకింది. ఇక పెద్దాయన గొంతులోని ఆ వెటకారం సంగతంటారా, దానికి పాణిని మహర్షే సాక్షి.

ఆయన వ్యాకరణం అష్టాధ్యాయిలో నాలుగో అధ్యాయం రెండో పాదంలో 128వ సూత్రం ఈ మాట కోసమే ఉంది. నగరంలో ఉండేవాణ్ణి మామూలుగా చెప్పాలంటే 'నాగరుడు' చాలు. కానీ రెండు సందర్భాల్లో మాత్రం ఆ మాటకు వేరే ప్రత్యయం చేరి 'నాగరకుడు' అవుతుందంటాడు పాణిని. ఒకటి నింద, రెండోది నేర్పు. ఇప్పటికి సుమారు 2,400 ఏళ్ల కిందటి సంగతి ఇది. ఆ వ్యాకరణానికి వ్యాఖ్యగా ఏడో శతాబ్దంలో కాశికావృత్తి రాసిన పండితులు దీనికి రెండు చిన్న ఉదాహరణలు కల్పించారు. ఊళ్లో దోపిడీ జరిగింది. ఎవరి పని అంటే, ఇంకెవరు, నాగరకుడిదే అయ్యుంటుంది, నాగరకులు దొంగలు కదా అని జవాబు. ఇంకోచోట గోడ మీద కళ్లకూ మనసుకూ హాయినిచ్చే బొమ్మ ఉంది. ఎవరు గీశారంటే, ఇంకెవరు, నాగరకుడే అయ్యుంటాడు, నాగరకులు నేర్పరులు కదా అని మళ్లీ అదే జవాబు. ప్రశ్న మారింది, మనిషి మారలేదు. వ్యాకరణం రాసిన మహానుభావుడికి కూడా ఈ మాటను మెప్పు నుంచీ అనుమానం నుంచీ విడదీయడం కుదరలేదంటే, ఆనాటి జనం నోట్లో అది అలాగే నలిగిందన్నమాట. మన అరుగు మీది పెద్దాయన ఆ జనం వారసుడు.

ఈ నాగరకుడు ఎలా ఉండేవాడో, పొద్దున లేచింది మొదలు ఏం చేసేవాడో గంట గంటకూ లెక్క రాసిపెట్టినవాడు వాత్స్యాయనుడు. కామసూత్రం అనే పేరు వినగానే చాలామంది ఆ పుస్తకాన్ని ముట్టుకోవడానికి మొహమాటపడతారు. దాని వల్ల మనకు జరిగిన నష్టం ఏమిటంటే, అందులో మొదటి అధికరణంలోని నాలుగో అధ్యాయం, పేరు నాగరకవృత్తం, మన దేశంలో ఒక గదిని, ఒక రోజును ఇంత దగ్గరగా చూపించిన అతి పాత రచనల్లో ఒకటని మనకు తెలియకుండా పోయింది. దాదాపు క్రీ.శ. మూడో శతాబ్దం నాటి రచన అది.

ముందు ఇల్లు. నీళ్లకు దగ్గరగా, చెట్లతోటతో ఉండాలి. బయటి పడకగదిలో మెత్తని మంచం, దానికి రెండు వైపులా తలగడలు, మధ్యలో కాస్త పల్లంగా, తెల్లటి దుప్పటి. తలవైపున చిన్న అరుగు. దాని మీద రాత్రి పూసుకోగా మిగిలిన గంధం, పూలదండ, మైనం ఉన్న చిన్న భరిణె, సుగంధపు పొట్లం, మాదీఫలం తొక్క, తాంబూలం. మాదీఫలం తొక్క నోరు కంపు కొట్టకుండా ఉండటానికి. నేల మీద తమ్మపడిగ. గోడకు చిలకకొయ్య, దానికి వేలాడదీసిన వీణ. బొమ్మలు గీసే పలక, కుంచెల పెట్టె, ఏదో ఒక పుస్తకం, వాడిపోని గోరింటపూల దండలు. జూదపు పలకలు. గది బయట పంజరాల్లో పెంపుడు పక్షులు. ఒక మూల కొయ్య చెక్కుకోవడానికి చోటు. తోటలో నీడపట్టున ఊయల.

ఈ జాబితాలో నన్ను ఎప్పుడూ ఆపేది ఆ 'ఏదో ఒక పుస్తకం'. ఫలానా కావ్యమో శాస్త్రమో కావాలని వాత్స్యాయనుడు పట్టుబట్టలేదు. చేతికందేలా ఒకటి ఉంటే చాలు. కొయ్య చెక్కుకునే చోటు కూడా అంతే. సోకుగాడంటే చేతికి మట్టి అంటనివాడని మన ఊహ. ఈయన ఉలి పట్టుకుంటాడు, కుంచె పట్టుకుంటాడు, తీగ మీటుతాడు. పాణిని చెప్పిన నేర్పు ఇదే.

ఇక రోజు. లేచి కాలకృత్యాలు తీర్చుకుని, పళ్లు తోముకుని, ఒంటికి కాస్త గంధం రాసుకుని, ధూపం పట్టించుకుని, దండ వేసుకుని, పెదవులకు మైనమూ లత్తుకా పూసుకుని అద్దంలో మొహం చూసుకోవాలి. అవును, లత్తుక మగవాడి పెదవులకే. ఆ తరువాత తాంబూలం వేసుకుని పనిలోకి దిగాలి. స్నానం రోజూ. నలుగు రెండురోజులకొకసారి. నురుగు వచ్చే పదార్థంతో రుద్దుకోవడం మూడురోజులకొకసారి. గడ్డం గీయించుకోవడం నాలుగోరోజు. చంకల చెమట మాత్రం ఎప్పటికప్పుడు తుడుచుకోవాలని విడిగా ఒక సూత్రం. భోజనం తరువాత చిలకలకూ గోరువంకలకూ మాటలు నేర్పడం, లావుకపిట్టల పందేలు, కోడిపందేలు, పొట్టేళ్ల పందేలు, ఒక కునుకు. పొద్దు వాలాక మళ్లీ ముస్తాబై గోష్ఠికి పోవడం. సాయంత్రం సంగీతం.

ఈ జీవితం ఎవరికి? జవాబు నాకు ఆశ్చర్యం కలిగించింది. చదువు పూర్తయ్యాక దానాల వల్లనో, జయించడం వల్లనో, వ్యాపారం వల్లనో, కూలి వల్లనో డబ్బు సంపాదించినవాడు, లేదా పెద్దల ఆస్తి ఉన్నవాడు, ఇల్లు ఏర్పరచుకుని నాగరకుడిగా బతకవచ్చట. ఆ నాలుగు మార్గాలూ నాలుగు వర్ణాలవి. కూలితో సంపాదించినవాణ్ణి కూడా వాత్స్యాయనుడు గుమ్మం దగ్గర ఆపలేదు. పల్లెలో ఉండేవాణ్ణీ వదిలేయలేదు. పల్లెవాడు తన వాళ్లలో తెలివీ కుతూహలమూ ఉన్నవాళ్లను పోగుచేసి, పట్నం నాగరకులు ఎలా బతుకుతారో వర్ణించి చెప్పి, వాళ్లలో ఆసక్తి పుట్టించి, తానూ అలా నడుచుకోవాలని ఆయన సలహా. మన పట్నం కుర్రాడు ఊళ్లో చేసేది ఇదే కదా! అయితే ఆ తలగడ ఉతికినవాళ్ల రోజు, ఆ గంధం అరగదీసినవాళ్ల రోజు ఎలా గడిచిందో ఆ అధ్యాయంలో కనిపించదు. ఆ సొగసు వెనక ఇంకొకరి నడుము నొప్పి ఉందని గుర్తుపెట్టుకునే మనం దాన్ని చదవాలి.

అధ్యాయం చివరకు వచ్చేసరికి వాత్స్యాయనుడి దృష్టి గంధం మీద నుంచి నాలుక మీదికి మళ్లుతుంది. గోష్ఠిలో మరీ సంస్కృతంలోనే మాట్లాడకూడదు, మరీ దేశభాషలోనే మాట్లాడకూడదు, అప్పుడే నలుగురి మన్ననా దక్కుతుందంటాడు. ఎదుటివాడికి అందని మాటలతో వాణ్ణి చిన్నబుచ్చడమూ తప్పే, తెలిసినవాళ్ల నడుమ తెలియనట్టు నటించడమూ తప్పే అని నేను దీన్ని అర్థం చేసుకుంటాను. ఆ వెంటనే ఇంకొక సూత్రం: జనం అసహ్యించుకునే గోష్ఠికి, అదుపులేని గోష్ఠికి, ఇతరులను హింసించే గోష్ఠికి తెలివైనవాడు పోకూడదు. లత్తుక, ధూపం, నలుగు అన్నీ చెప్పి చెప్పి చివరకు ఆయన తేల్చింది ఇది.

డబ్బున్నన్నాళ్లు నాగరకుడు సరే. డబ్బయిపోతే? దానికీ ఒక పేరుంది. ఉన్నదంతా అనుభవించి ఖర్చుచేసినవాడు, అయినా గుణమూ భార్యా ఉన్నవాడు, గోష్ఠుల్లో ఇంకా మర్యాద తగ్గనివాడు విటుడు. ఇవాళ మనం ఆ మాటను ఎంత నీచానికి దించామో చూడండి. వాత్స్యాయనుడి విటుడు చితికిపోయిన నాగరకుడు, అంతే. ఈ విటులు వీధుల్లో తిరుగుతూ, కనిపించినవాళ్లందరితో మాట్లాడుతూ నడిపే నాలుగు ఏకపాత్ర నాటకాలు చతుర్భాణి పేరుతో ఉన్నాయి. చాలాకాలం మరుగున పడివున్న వాటిని 1922లో అచ్చువేయించిన ఇద్దరిలో ఒకరు మన మానవల్లి రామకృష్ణకవి. నన్నెచోడుడి కుమారసంభవాన్ని వెలుగులోకి తెచ్చిన మహానుభావుడే ఆయన. తెలుగువాళ్లు ఆయన పేరు ఇంకాస్త తరచుగా తలచుకోవాలి.

ఆ నాలుగింటిలో శ్యామిలకుడు రాసిన పాదతాడితకం కథ వినండి. విష్ణునాగుడనే ఒక పెద్దమనిషి నెత్తిన మదనసేనిక అనే వేశ్య ముద్దుగా కాలితో తన్నింది. ఆయన మండిపడ్డాడు. అపవిత్రమైపోయానని, ప్రాయశ్చిత్తం చెప్పమని పండితుల చుట్టూ తిరిగాడు. విటులు సభ చేశారు. ఆ సభలో తప్పు ఎవరిదని తేలింది? ఆ పాదం విలువ తెలియనివాడిది. చివరికి సభాధ్యక్షుడు భట్టి జీమూతుడు, ఆమె కాలు నా నెత్తిన పెట్టనివ్వండి, అది ఈయన చూస్తూ ఉండాలి, అదే ప్రాయశ్చిత్తం అంటాడు. మొరటుతనాన్ని శిక్షించడానికి ఇంత సొగసైన తీర్పు ఇంకెక్కడా నాకు కనబడలేదు.

ఇప్పుడు పాణిని చెప్పిన ఇద్దరినీ, దొంగ నాగరకుణ్ణీ నేర్పరి నాగరకుణ్ణీ, ఒకే గదిలో నిలబెట్టిన నాటకం దగ్గరకు వద్దాం. శూద్రకుడి మృచ్ఛకటికం. తెలుగులో తిరుపతి వేంకటకవులు అనువదించారు కూడా. ఉజ్జయినిలో చారుదత్తుడు ఒకప్పటి ధనవంతుడు. దానాలు చేసి చేసి పేదవాడయ్యాడు. అయినా అతని ఉత్తరీయం నుంచి జాజిపూల వాసన పోలేదు. మొదటి అంకంలో చీకట్లో ఆ ఉత్తరీయం చేతికి రాగానే గణిక వసంతసేన ఆ వాసన పట్టుకునే ఈయన మనసు ఇంకా వయసులోనే ఉందని తెలుసుకుంటుంది. మూడో అంకంలో చారుదత్తుడు రేభిలుడి పాట కచేరీ విని, అర్ధరాత్రి ఆ పాటనే తలచుకుంటూ ఇంటికొచ్చి పడుకుంటాడు.

అప్పుడు వస్తాడు శర్విలకుడు. చదువుకున్న బ్రాహ్మణుడు, ప్రేమించిన దాసికి విడుదల కొనడానికి దొంగయినవాడు. గోడకు కన్నం వేయాలి. ఎలా పడితే అలా వేస్తే ఎలా? విరిసిన తామర, సూర్యుడు, నెలవంక, దిగుడుబావి, స్వస్తికం, పూర్ణకుంభం, ఇలా రకరకాల ఆకారాలున్నాయి. కాల్చిన ఇటుకకు పూర్ణకుంభమే అందంగా ఉంటుందని తేల్చుకుంటాడు. పొద్దున్నే ఇరుగుపొరుగు చూసి తన పనితనాన్ని మెచ్చుకోవాలి కదా! కొలతాడు మరచిపోయాడు. మెడలో జంధ్యం ఉంది, దానితో కొలుస్తాడు. లోపలికి దూరి దీపం వెలుతురులో చూస్తే మృదంగం, పణవం, వీణ, పిల్లనగ్రోవులు, పుస్తకాలు. బంగారం జాడ లేదు. ఇది నాట్యాచార్యుడి ఇల్లేమో అని దిగులుపడతాడు. ఇది వాత్స్యాయనుడి గదే. చిలకకొయ్యకు వేలాడే వీణా, ఆ పక్కన ఏదో ఒక పుస్తకమూ. గంధం డబ్బులు అయిపోయాయి గానీ గది చెక్కుచెదరలేదు.

తెల్లవారాక చారుదత్తుడు కన్నం చూస్తాడు. మొదట అతని నోట వచ్చేది ఆ కన్నం అందం మీద మెప్పు. తరువాతి దిగులు, పాపం ఇంత పెద్ద ఇల్లని ఆశపడి వచ్చినవాడు ఉత్తచేతులతో పోయాడేమో అని! నగలపెట్టె పోయిందని తెలిసి, ఒట్టి చేతులతో పోలేదులే అని సంతోషిస్తాడు. అది వసంతసేన దాచుకోమని ఇచ్చిన సొత్తని గుర్తుచేశాకే అతను కూలబడతాడు. ఒక దొంగ నేర్పును సొత్తు పోగొట్టుకున్నవాడు మెచ్చుకోవడం అమాయకత్వమని కొందరంటారు. నేను ఒప్పుకోను. పనితనం ఎక్కడున్నా పోల్చుకోగల కన్ను అది. వచ్చినవాడు దొంగైనా గుమ్మం లోపల అతిథే అనుకునే మనసు కూడా. ఈ నాటకంలోనే శకారుడున్నాడు. రాజుగారి బావమరిది. ఒంటి నిండా ఖరీదైన బట్టలు, నోరు తెరిస్తే రామాయణమూ భారతమూ కలగాపులగం. శూద్రకుడు చారుదత్తుణ్ణీ ఈ శకారుణ్ణీ పక్కపక్కన నిలబెట్టాక బట్టలతో నాగరకుణ్ణి పోల్చుకోవడం ఎంత దండగో ప్రేక్షకుడికి ఒకరు చెప్పనక్కరలేదు.

కాళిదాసు కూడా ఈ మాటతో ఆడుకున్నాడు. శాకుంతలం ఐదో అంకంలో, తనను మరచిపోయావని పాటలో దెప్పిపొడిచిన హంసపదికను 'నాగరిక పద్ధతిలో' బుజ్జగించి రమ్మని దుష్యంతుడు విదూషకుణ్ణి పంపుతాడు. అక్కడ ఆ మాటకు అర్థం పట్నపు నేర్పు, చతురత. ఒక్క అంకం దాటేసరికి నాగరికుడనే పేరుతోనే ఇంకొకడు రంగం మీదికొస్తాడు. ఈయన రాజుగారి బావమరిది, నగర రక్షణాధికారి, అంటే పోలీసు పెద్ద. ఉంగరం దొరికిన జాలరిని భటులతో కట్టించి, దబాయించి, తీరా రాజు బహుమానమిచ్చాడని తెలియగానే అదే జాలరితో స్నేహం కలిపి అందరూ కలిసి కల్లు దుకాణానికి దారి తీస్తారు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ నాగరికుడంటే నగరాధికారే. ఒక నాటకంలో పక్కపక్క అంకాల్లో ఒకే మాట రెండు ముఖాలు చూపించడం యాదృచ్ఛికం అని నేను నమ్మలేను.

కాశ్మీరం వాళ్లకు సోకుల మీద కన్ను ఇంకా పదునైంది. పదకొండో శతాబ్దంలో క్షేమేంద్రుడు దేశోపదేశంలో, చదువు పేరుతో గౌడదేశం నుంచి బక్కచిక్కి వచ్చి, కాశ్మీరపు తిండితో ఒళ్లు చేసి, చూసి చూసి నడిచే విద్యార్థుల మీద చెరిగిపోశాడు. కల్హణుడు రాజతరంగిణిలో చెప్పే సంగతి ఇంకా ముచ్చటైనది. హర్షరాజుకు ముందు ఆ దేశంలో రాజు తప్ప ఎవరూ జుట్టు ముడిచేవాళ్లు కాదట, తలపాగా చుట్టేవాళ్లు కాదట, చెవులకు నగలు పెట్టేవాళ్లు కాదట. జుట్టు సింగారించుకున్నందుకు ఒక సేనాపతి, రంగుల పొట్టి కోటు తొడిగినందుకు ఒక మంత్రి రాజాగ్రహానికి గురయ్యారు. 1089 నుంచి 1101 వరకు ఏలిన హర్షుడు ఆ కట్టడి ఎత్తేసి, రాజుకు తగిన వేషం అందరికీ ఇచ్చాడు. ఆయనకు నచ్చినవి దక్షిణాది పోకడలట. కర్ణాటక నాణేల మాదిరిగా నాణేలు కూడా వేయించాడు. మన దక్షిణాది సొగసు హిమాలయాల దాకా పోయిందని చదివినప్పుడు నాకు గర్వంగానే అనిపించింది. ఒక మంత్రి కోటు రంగు చూసి రాజు కోప్పడ్డాడంటే మాత్రం మరచిపోకూడనిది ఒకటుంది. బాగా ముస్తాబవడానికి ఎవరికి అనుమతి ఉంది, ఎవరికి లేదు అన్న ప్రశ్న ఎప్పుడూ అధికారంతో ముడిపడే ఉంది. మన ఊళ్లలో చెప్పులేసుకుని వీధిలో నడిచినందుకు, తెల్లటి పంచె కట్టినందుకు దెబ్బలు తిన్న మనుషులున్నారు. "నాగరీకం ముదిరింది" అన్న మాట కొన్ని నోళ్లలో ఉత్త వెటకారం. కొన్ని నోళ్లలో అది బెదిరింపు.

ఇంత సంస్కృతం మాట్లాడుకున్నాం, మన పక్కింటి తమిళంలోకి తొంగి చూడాలి. తిరువళ్లువరు కురళ్‌లో దాక్షిణ్యం మీద ఒక అధికారం ఉంది. దాని చివరి పద్యం, మొత్తం గ్రంథంలో 580వది, 'నాగరికం' అనే మాటను వాడుతుంది. అందరూ కోరదగిన నాగరికం కావాలనుకునేవాళ్లు, తెలిసినవాళ్లు తమ కళ్లెదుటే విషం కలిపి ఇచ్చినా తాగి ఊరుకుంటారని భావం. ఎదుటివాణ్ణి నొప్పించలేని ఆ మొహమాటమే నాగరికమట. నిజంగా విషం తాగమని ఎవరూ చెప్పరు. కానీ గంధపు పూత నుంచి బయల్దేరిన మాట ఇక్కడికి చేరిందంటే, వాత్స్యాయనుడు అధ్యాయం చివర విడిచిపెట్టిన చోటు నుంచే వళ్లువరు అందుకున్నట్టు నాకు తోస్తుంది. దండా లేదు, లత్తుకా లేదు. ఎదుటి మనిషి ముఖం చిన్నబోకుండా చూసుకోవడం ఒక్కటే మిగిలింది.

తెలుగు నేల మీద నాగరకుణ్ణి చూడాలంటే ఓరుగల్లు వీధులకు పోవాలి. వినుకొండ వల్లభరాయుడి పేర చెలామణీ అయ్యే క్రీడాభిరామంలో గోవింద మంచనశర్మ, అతని స్నేహితుడు టిట్టిభసెట్టి కాకతీయుల రాజధానిలో ఒక పగలంతా తిరుగుతారు. కోడిపందేలు చూస్తారు, పొట్టేళ్ల పందేలు చూస్తారు, పల్నాటి వీరుల కథ వింటారు, బొమ్మల మేడలు చూస్తారు, రూక ఇచ్చి పూటకూటి ఇంట్లో కమ్మగా భోంచేస్తారు. వాత్స్యాయనుడి మధ్యాహ్నాన్ని తెలుగు ఎండలో నడిపించినట్టుంటుంది. తేడా ఒకటే, ఇక్కడ వీధి గెలిచింది. గదిలో గంధం కంటే వీధిలో కేకలు, వంటల వాసన ఎక్కువ. ఈ పుస్తకాన్ని చదవని తెలుగువాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

శ్రీనాథుడి సంగతి మనందరికీ తెలుసు. కన్నడ రాజుల కొలువుకు వెళ్లినప్పుడు నెత్తిన కుల్లాయి పెట్టి, పొడవాటి కూర్పాసం తొడిగి, అలవాటు లేని వెల్లుల్లి తిని, ఇంత చేసినా నీకు దయ రాలేదా అని అక్కడి రాజ్యలక్ష్మినే నిలదీసినట్టు ఒక చాటువు ప్రచారంలో ఉంది. ఆ కుల్లాయి, దానితోపాటు వేసుకునే కబాయి, ఆ కాలపు గొప్ప ఫ్యాషన్. కబాయి అరబ్బీ మాట నుంచి, కుల్లాయి పారశీక మాట నుంచి వచ్చాయి. సుల్తానుల కొలువుల్లోని దుస్తులను విజయనగరం దొరలు ఇష్టంగా తొడుక్కున్నారు. ఉమ్మడి అనంతపురం జిల్లా వాళ్లకు లేపాక్షి ఎలాగూ తెలుసు. మిగతావాళ్లు ఈసారి వెళ్లినప్పుడు తల పైకెత్తి కప్పు మీది చిత్రాలు చూడండి. తెల్లటి పొడుగు టోపీలు, కాళ్ల దాకా చొక్కాలు వేసుకున్న ఆ పెద్దమనుషులు పదహారో శతాబ్దపు తెలుగు నాగరకులు. తిరుమలలో ఇద్దరు రాణుల మధ్య చేతులు జోడించి నిలబడ్డ కృష్ణదేవరాయల విగ్రహానికి ఉన్నదీ ఆ కుల్లాయే. కోటలో మతాల పేరుతో ఎన్ని యుద్ధాలు చెప్పుకున్నా, దర్జీ దగ్గర, అద్దం ముందర, ఆ మనుషులకు పరాయితనం అడ్డురాలేదు.

జనం నోట్లో మాత్రం ఈ మనిషికి తెలుగు పేర్లే నిలిచాయి. సొగసుకాడు, వాడుకలో అరిగి సోగ్గాడయ్యాడు. 1975లో శోభన్‌బాబు సినిమాతో ఆ మాట ఆయన ఇంటిపేరైపోయింది. షోకిలా అన్నది ఉర్దూ షోకుతో వచ్చింది. వీటిలో వెటకారం ఉన్నా కాస్త మురిపెం కూడా ఉంటుంది. సోగ్గాణ్ణి ఎవరూ దొంగ అనరు. పాణిని చెప్పిన ఆ నింద కోసం నాగరీకం అనే పాత మాటే కావాలి.

హిందీలో నాగరికుడంటే ఇవాళ దేశపౌరుడు. నాగరికత అంటే పౌరసత్వం. సోకూ లేదు, నిందా లేదు, ఓటుహక్కు ఉన్న ప్రతివాడూ నాగరికుడే. మనం ఆ పనికి పురం నుంచి వచ్చిన పౌరుణ్ణి తీసుకుని, నాగరికతను చరిత్ర పుస్తకాలకిచ్చి, నాగరీకాన్ని అరుగు మీద ఉంచుకున్నాం. ఈ పంపకం నాకు నచ్చింది. ఒక్క మాటలో రెండు కాలాలు మనకే మిగిలాయి.

తెలుగులో నాగరకుడి చివరి పెద్ద వేషం గిరీశానిది. గురజాడ కన్యాశుల్కం 1892లో మొదట ఆడారు, 1909లో విస్తరించి మళ్లీ అచ్చువేశారు. గిరీశానికి నేర్పు లేదని ఎవరనగలరు? ఇంగ్లీషు, కవిత్వం, లోకజ్ఞానం, ఎవరితో ఏ భాషలో మాట్లాడాలో పసిగట్టే చెవి, అన్నీ ఉన్నాయి. గోష్ఠి సూత్రం ఆయనకు పుట్టుకతో వచ్చింది. అయితే నాటకం తెర లేచేసరికే ఫోటోగ్రాఫు బాకీ కోసం నౌకరు తిరుగుతుంటాడు, పూటకూళ్లమ్మ డబ్బు ఆయన చేతిలో కరిగిపోయి ఉంటుంది. శూద్రకుడు చారుదత్తుణ్ణీ శర్విలకుణ్ణీ ఇద్దరు మనుషులుగా చూపిస్తే, గురజాడ పాణిని చెప్పిన రెండర్థాలనూ ఒకే కోటులోకి దూర్చాడు. మనం అతన్ని తిట్టుకుంటూనే అతను మాట్లాడుతుంటే వినకుండా ఉండలేం.

కానీ ఆ నాటకంలో నాగరకుడెవరని నన్ను అడిగితే గిరీశం పేరు చెప్పను. చివరి రంగంలో సౌజన్యారావు పంతులు గారింటికి చక్కగా ముస్తాబైన ఒక పురుషుడు వస్తాడు. పంతులు గారు వేశ్య మొహం చూడనని ఒట్టు పెట్టుకున్న పెద్దమనిషి. వచ్చినవాడు ఆయన భాషలో, ఆయన మర్యాదకు తగ్గట్టు మాట్లాడి, నిర్దోషి అయిన లుబ్ధావధాన్లును కేసులోంచి తప్పించే దారి చెబుతాడు. ఆ వేషంలో ఉన్నది వేశ్య మధురవాణి. అరవై నాలుగు కళలున్న మనుషుల్లో వాత్స్యాయనుడు గణికను కూడా లెక్కపెట్టాడని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ప్రతిఫలంగా ఒక్క ముద్దు అడుగుతుంది. ఆ పెద్దాయన నలిగిపోతూనే మాట నిలబెట్టుకోవడానికి సిద్ధపడతాడు. అప్పుడు తనే వద్దంటుంది. చెడనివాణ్ణి చెడగొట్టవద్దని తల్లి నేర్పిన మాట ఆమెకు అడ్డమొచ్చింది. గిరీశం గుట్టు బయటపెట్టేదీ ఆమే. ఈ పాత్రను వేసే నటి మగ తలపాగా ఎంత అందంగా చుట్టిందన్నది చూస్తూ ఉంటారు చాలామంది. ఆ ముద్దు వద్దన్నప్పుడు ఆమె గొంతు ఎలా పలికిందో నేను వింటాను. మన రంగస్థలం మీద నాగరకుడి వేషం అందరికంటే బాగా కుదిరింది ఆమెకే.